వెనకగదిలో మర పెట్టిన కోటయ్య బాబాయ్

నిన్న పొద్దున ఫోన్లో కోటయ్య బాబాయ్ పేరు చూసి, ఎత్తగానే "ఏంటి బాబాయ్, పిండి రెడీయా?" అన్నాను.

అవతల రత్నం పిన్ని.

"మీ బాబాయ్ ఇక లేరమ్మా. తెల్లారుజామున గుండెనొప్పి అన్నారు. ఆస్పత్రికి తీసుకెళ్లేలోపే..."

తర్వాత ఏం మాట్లాడానో గుర్తులేదు. పొయ్యి మీద మూకుడు మాడుతుంటే మా ఆయన వచ్చి గ్యాస్ కట్టేశాడు.

మీలో చాలామంది నా దగ్గర జంతికలు, చెక్కలు, జొన్న బిస్కెట్లు కొన్నవాళ్లే. ఆ పిండంతా రేపల్లెలో కోటయ్య బాబాయ్ మరలో పట్టిందే. నాకు చుట్టమేమీ కాదు. అసలు మా పరిచయమే గొడవతో మొదలైంది!

మా అమ్మాయి లాస్యకి సీలియాక్ జబ్బని తెలిసేసరికి దానికి ఆరేళ్లు. గోధుమల్లో ఉండే గ్లూటెన్ చిటికెడు తగిలినా వాంతులు, కడుపునొప్పి, రెండు రోజులు మంచం.

దానికోసం వండటం మొదలుపెట్టాను. అలాంటి పిల్లలున్న అమ్మలు మాకూ కావాలంటే బిజినెస్‌లోకి దిగాను. వంట కష్టం కాదండి. నమ్మకంగా పిండి పట్టేవాళ్లు దొరకడమే కష్టం.

తెనాలి, దుగ్గిరాల, బాపట్ల... ఎన్ని మరలు తిరిగానో!

అందరిదీ ఒకటే మాట. "ముందు గుప్పెడు బియ్యం వేసి తిప్పేస్తామండి. మర క్లీన్ అయిపోద్దండి. మీరేం కంగారు పడకండి."

మనందరికీ అలవాటైన పద్ధతేగా. నేనూ నమ్మాను. పిల్ల రెండుసార్లు పడకేసింది.

రేపల్లెలో బాబాయ్ ఒక్కడే మొహం మీద చెప్పేశాడు. "గుప్పెడు బియ్యానికి గోధుమ పోద్దా అమ్మాయ్? రాళ్ల సందుల్లో ఉండిపోద్ది. నా మరలో కుదరదు."

అంత దూరం పోతే ఇదా మర్యాద అని నాకు ఒళ్లు మండింది. "వచ్చిన బేరాన్ని కాలదన్నుకునేవాళ్లని మిమ్మల్నే చూశానండి!" అని అరిచేశాను. మనసు మారితే చెప్పండంటూ కోపంలోనే నా ఫోన్ నంబర్ కూడా రాసిచ్చి బస్సెక్కాను.

బస్సు కదిలాక గానీ బుర్రకెక్కలేదు. ఇన్ని మరల్లో నాకు నిజం చెప్పింది ఈయనొక్కడే.

నెల తిరక్కుండా ఆయనే ఫోన్ చేశాడు. వెనకగదిలో కొత్త రాళ్లతో ఇంకో చిన్న మర బిగించాడట. "దీంట్లో గోధుమ గింజ పడనివ్వను. నీ బియ్యం, జొన్నలు తెచ్చుకో."

ఆ గదిలోకి వెళ్లేముందు చొక్కా మార్చుకునేవాడు. నిజం! పిన్ని చీర దులుపుకోకుండా అడుగుపెట్టిందా, ఇక తిట్లే తిట్లు.

పోయిన వేసవిలో ఓ పొద్దున రేపల్లె పాసింజర్ దిగి, చెమటలు కక్కుతూ మా గుమ్మంలో నిలబడ్డాడు.

"ఫోన్ ఎత్తవేంటి? మొన్న పంపిన పిండి వాడావా?"

"లేదు బాబాయ్, ఇప్పుడే కలుపుదామని..."

"కలపబాక!"

ఆయన ఊళ్లో లేనప్పుడు ముందుగదిలో పాత మర ఆగిపోయిందట. పక్కింట్లో పెళ్లి, పాపం అని పిన్ని వాళ్ల గోధుమల్ని వెనక మరలో పట్టేసిందట. అది తెలియక బాబాయ్ నా బియ్యం పట్టి పంపేశాడు. తెలిసిన మర్నాడే మొదటి బండెక్కాడు.

చెప్పకపోతే నాకేం తెలుస్తుంది? పిల్ల మంచానపడితే తప్ప.

ఆ మూట తనే భుజానేసుకుని గేదెలకి పెడతానని పట్టుకుపోయాడు. మళ్లీ కొత్త రాళ్లు వేసేదాకా పదిరోజులు పిండి ఇవ్వలేదు. ఆర్డర్లు పోతున్నాయని ఎంత సణిగినా వినలేదు. మొండిమనిషి!

నిన్న రేపల్లె వెళ్తుంటే ఏడుపుతో పాటు భయం. స్వార్థం అనుకుంటే అనుకోండి. ఇక నా పిల్లకి పిండి ఎవరు పడతారు?

అంతా అయిపోయాక, సాయంత్రం చుట్టాలకి చపాతీలు చేద్దామని ఎవరో గోధుమపిండి మూట తెచ్చి వెనకగదిలో పెట్టబోయారు. అప్పటిదాకా గోడకానుకుని కూర్చున్న పిన్ని గబుక్కున లేచింది. మూట బయట పెట్టించి, గదికి తాళం వేసి, తాళంచెవి కొంగుకి ముడేసుకుంది.

నన్ను దగ్గరికి పిలిచింది. "పెద్దకర్మ అవ్వగానే నీ బియ్యం తీసుకురామ్మా. నేను పడతాను. అరిగిన రాళ్లకి గంట్లు పెట్టడం దగ్గర్నుంచి అన్నీ నేర్పారు మీ బాబాయ్."

ఆవిడని పట్టుకుని భోరుమన్నాను.

బాబాయ్, లాస్య ఇవాళ నీ పిండితో చేసిన రొట్టె కడుపునిండా తిని బడికెళ్లింది.

ఇక ఏ దిగులూ పెట్టుకోకుండా హాయిగా నిద్రపో.