నాన్న కుడిచేతి వేళ్లు

నా చిన్నప్పుడు మేము ఢిల్లీలో, మునిర్కాలోని ఒక అద్దె గదిలో ఉండేవాళ్లం. నాన్న నోయిడాలో ఒక ఆఫీసులో ఇళ్ల ప్లాన్లు గీసేవాడు. నా పదో ఏట, కదిలే బస్సు మెట్టు మీద కాలు జారి, పట్టుకున్న కడ్డీ వదలక కొంత దూరం వేలాడాడు. ప్రాణం దక్కింది కానీ, భుజం దగ్గర నరాలు దెబ్బతిని కుడిచేయి చచ్చుబడింది. నరం కోలుకుంటుందో లేదో ఏడాది దాటితే గాని చెప్పలేమన్నారు డాక్టర్లు.

మా పై గదిలో ఫిజియోథెరపీ చదివే తెలంగాణ అక్క ఉండేది. రెండు పూటలా నాన్న వేళ్లు ఒక్కొక్కటే చాపి మడవడం నాకు నేర్పింది. అమ్మ పొద్దున్నే పనికి వెళ్లేది కనుక అది నా వంతు. కదలని చేతికి ఇదంతా ఎందుకని అక్కను అడిగాను. ఆ ఆదివారం ఉడికిన మటన్ ముక్కను పళ్లెంలో పెట్టి, పోగులు విడదీసి, వాటిని చుట్టుకున్న పల్చటి పొర చూపించింది.

"నరం పల్కరిస్తున్నంత కాలం ఈ పొర మెత్తగుంటది చెల్లె. నరం ఊకుంటే కండ సన్నబడ్తది, పొర మందమై గట్టిపడ్తది. రేపు నరం మళ్లొచ్చినా వేళ్లు తెరుచుకోవు. నరాన్ని మనం తేలేం. వేళ్లనైతే కదిలియ్యొచ్చు కద."

మూడు నెలలు తప్పకుండా చేశాను. అక్క శిక్షణ కోసం వేరే ఊరు వెళ్లాక విసుగు పుట్టింది. ఆ చేయి చల్లగా, బరువుగా, మనిషిది కానట్టుండేది. ముట్టుకోవాలంటే భయం. చేయకుండానే చేశానని అమ్మతో చెప్పేదాన్ని. నాన్న వింటూ గోడవైపు చూసేవాడు.

రెండు నెలలకు అక్క తిరిగి వచ్చేసరికి వేళ్లు లోపలికి ముడుచుకుపోయాయి. ఎంత చాపినా సగం కూడా తెరుచుకోలేదు.

"దినాం చేస్తున్నవా?" అని నన్ను అడిగింది.

నేను నోరు తెరిచేలోగా నాన్న అందుకున్నాడు. "పాప చేస్తానే ఉందమ్మా. నా చెయ్యే మొండిది."

అక్క నా ముఖంలోకి చూసింది. నా చేతిని తీసుకుని ఆయన బొటనవేలి మీద పెట్టి, మళ్లీ మొదటినుంచి చూపించింది.

ఆ తర్వాత ఒక్కరోజూ మానలేదు. ఏడాదిన్నరకు నరంలో కొంత జీవం వచ్చింది. ముంజేతిలో కండ అదరడం చూసి అమ్మ ఏడ్చేసింది. వేళ్లు మాత్రం ముడుచుకునే ఉండిపోయాయి. నాన్న మళ్లీ పెన్సిల్ పట్టలేదు.

నేను మానిన రోజుల వల్లేనా అని పెద్దయ్యాక అక్కను అడిగాను. "కొంత అయ్యుండొచ్చు. ఎంతో నేను చెప్పలేను," అంది.

నాన్న చివరిదాకా ఎడమచేత్తోనే అన్నం తిన్నాడు. నేను మానిన సంగతి ఒక్కసారీ ఎత్తలేదు. ఇప్పటికీ ఎవరైనా ఫలానా పని చేశావా అని అడిగితే, నిజంగా చేసినదానికి కూడా వెంటనే అవునని చెప్పలేను.