డ్రైవరు వైపు తలుపు

1968 వానాకాలం చివర్లో నన్ను వరంగల్ నుంచి హైదరాబాదుకు మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టరుగా బదిలీ చేశారు. జనం మమ్మల్ని బ్రేకు ఇన్‌స్పెక్టర్లు అనేవారు. ఆ పిలుపులో కొంత వెటకారం ఉన్నా అబద్ధం మాత్రం లేదు. బండి రోడ్డెక్కడానికి తగినదా, నడిపేవాడు నడపడానికి తగినవాడా, ఈ రెండూ చూసి చెప్పడమే మా ఉద్యోగం. మేము చూసి రాస్తాం, పైన ఆర్టీవో సంతకం పెడతాడు. చూడనివాడిది చూసినవాడి కంటే పెద్ద కుర్చీ కావడం అన్ని శాఖల్లోనూ ఉన్నదే కాబట్టి, నేను దానికి ఎప్పుడూ బాధపడలేదు. బాధపడ్డది ఒక్కసారే. బాధ అనడం కూడా తప్పు, ఒళ్లు మండింది. ఇన్నేళ్లయినా ఆ మంట చల్లారలేదు.

అప్పటి మా ఆఫీసు నాంపల్లిలో ఒక పాత కిరాయి బంగళాలో ఉండేది. వెనక పెద్ద ఖాళీ స్థలం. డ్రైవింగు పరీక్షలు అక్కడే. ఆర్టీవోగారు కోస్తాలో మా జిల్లావాడే, మాకు రెండు ఊళ్ల అవతలివాడు. మొదటిరోజు ఆ సంగతి తెలిసి సంతోషించాను కూడా. ఆయన పేరు ఇక్కడ రాయను. రాయదగినంత పని ఆయన ఏమీ చేయలేదు.

దసరా వెళ్లాక నా బల్ల మీదికి ఒక మార్పుల దరఖాస్తు వచ్చింది. రిజిస్టరయిన బండికి ఇంజనో బ్రేకులో మారిస్తే, రోడ్డెక్కే ముందు మా అనుమతి కావాలి, ఇన్‌స్పెక్టరు వెళ్లి చూడాలి. బండి ఎనిమిది సిలిండర్ల అమెరికా కారు. యజమాని నాంపల్లి కోర్టుల్లో వకీలు, పేరు పండరినాథ్. మార్పుల వరుసలో లైట్లు, బ్యాటరీ, బ్రేకులతో పాటు ‘చేతి లీవరు’ అని ఉంది. అది చదివి ఆఫీసులో అందరూ నవ్వారు. కాళ్లు లేని వకీలుకు కారు పిచ్చి పట్టిందని ఒకరు, నవాబుల కారే కావలసి వచ్చిందా అని ఇంకొకరు. బండినీ మనిషినీ వాళ్లెవరూ చూడలేదు.

నేను చూడడానికి వెళ్లాను. స్టేషను వెనక గల్లీలో పాత ఇల్లు, ముందు రాళ్లు పరిచిన వాకిలి. వాకిలి నిండా కారే ఉంది. ఒకామె డ్రైవరు సీట్లో కూర్చుని, కొంగు నడుముకు దోపుకుని, లోపల బ్రేకు పెడలు తొక్కుతోంది. కారు కింది నుంచి “తొక్కు... పట్టు... ఇడువు” అని మగ గొంతు వినబడుతోంది. బ్రేకు గొట్టాల్లో గాలి చేరితే పెడలు మెత్తగా దిగిపోతుంది. ఒకరు తొక్కుతుంటే ఇంకొకరు చక్రం దగ్గర మర విప్పి ఆ గాలి తీయాలి. వకీలుగారు ఎక్కడున్నారని అడిగితే ఆమె కిందికి చూపించింది. నేను తెల్లబోయినట్టున్నాను. కారు కింద నుంచి నవ్వు వినబడింది.

“పరేషాన్ గాకున్రి ఇన్‌స్పెక్టర్ సాబ్. కారు కింద పండుకున్నోనికి కాళ్లతోని ఏం పని?”

బయటికి జరిగి వచ్చి, చేతులు తుడుచుకుని, గోడకు ఆనించిన చంకకర్రలు అందుకుని లేచాడు. నలభై లోపు మనిషి. చిన్నప్పుడు జ్వరం వచ్చి రెండు కాళ్లూ సన్నబడిపోయాయట. భుజాలు మాత్రం పహిల్వాను భుజాలు. ఆయన భార్య అనసూయమ్మ చాయ్ తెచ్చిచ్చి, “తొక్కుడు నా వంతు, తిట్టుడు ఆయన వంతు. మూడేండ్లసంది గిదే సంసారం” అంది.

నేను సూటిగానే అడిగాను, ఇంత పెద్ద బండి ఎందుకని. ఆయన తలుపు తీసి కింద చూపించాడు. మూడు పెడళ్లు ఉండవలసిన చోట రెండే ఉన్నాయి. క్లచ్ లేదు, గేర్లు వాటంతటవే మారతాయి. మనదేశంలో అప్పుడు తయారయ్యే కార్లన్నిటికీ క్లచ్ తొక్కక తప్పదు. ఆయన నడపగలిగిన బండి ఊరు మొత్తం మీద ఇలాంటిదే. అది ఒక నవాబు దేవిడీలో, గుర్రాలు కట్టే తబేలాలో, కోళ్లు గుడ్లు పెట్టుకుంటుంటే కనిపించింది. షోకు కోసం కొన్నది కాదు.

ఆయన చేసిన పని చూస్తే ముచ్చటేసింది. తుప్పుపట్టిన నేల రేకులు కోసి కొత్తవి అతికించాడు. గేరు పెట్టెలో నూనె కారకుండా ఆపే సీళ్లు ఎండిపోతే, వాటికి బదులు కోఠిలో పంపులు బాగుచేసేవాడి దగ్గర తోలు సీళ్లు కత్తిరింపించి తెచ్చాడు. ఆరు వోల్టుల పాత కరెంటు తీసేసి పన్నెండు వోల్టులు పెట్టాడు. కొత్తరకం హెడ్‌లైట్లు, నాలుగు మూలలా ఆరి వెలిగే సిగ్నలు దీపాలు. స్టీరింగు కింద కుడిపక్కన లీవరు. తనవైపు లాగితే వేగం, ముందుకు నెడితే బ్రేకు. ఎందుకలా అని పరీక్షగా అడిగాను. బండి గట్టిగా ఆగితే ఒళ్లు ముందుకే పోతుంది కదా, ఆ తూకమంతా బ్రేకు మీదే పడాలి, వేగం మీద పడొద్దు అన్నాడు. పాత పెడళ్లు రెండూ అలాగే ఉంచాడు, కాళ్లున్నవాళ్లు నడపాలన్నా నడపొచ్చు. నల్లరంగు మీద అనసూయమ్మ పట్టించిన పాలిష్‌లో నా మొహం నాకు కనబడింది. నేను చూసిన సర్కారు బండి ఒక్కటీ అంత శుభ్రంగా లేదు. మార్పులన్నీ సరిగా ఉన్నాయని రాశాను.

వెళ్లబోతుంటే ఆయన ఒక మాట చెప్పాడు. “రోజు పొద్దుగాల రిక్షాయన నన్ను ఎత్తి కూసోబెడ్తడు. కోర్టు కాడ గోనెసంచి లెక్క దించుతడు. ముంగట నా క్లయింట్లు నిలబడి సూస్తుంటరు. గా మనిషి మంచోడే, ఆయన తప్పేం లేదు. గని నాకు సాలయ్యింది సాబ్. ఒక్కదినమన్న ఎవ్వలు ఎత్తకుంట నేను కోర్టుకు పోవాలె.”

ఇక లైసెన్సు. అంగవైకల్యం ఉన్నవాడికి లైసెన్సు ఇవ్వకూడదని చాలామంది అనుకుంటారు, అది తప్పు. ఫలానా తయారీ గల బండిని నేను నడపగలను, పరీక్షించండి అని అడిగే హక్కు చట్టం ఇచ్చింది. నెగ్గితే ఆ బండి వరకు లైసెన్సు ఇచ్చి తీరాలి. వకీలుకు ఈ సంగతి నేను చెప్పనక్కరలేకపోయింది. ఆర్టీవోగారికే చెప్పవలసి వచ్చింది. ఆయన విని, డ్రైవరును పెట్టుకోమని సలహా ఇవ్వమన్నాడు. ఆయన అడిగింది సలహా కాదు సార్, పరీక్ష అన్నాను. అయితే ఆ పరీక్ష తన కళ్లముందే జరగాలన్నాడు.

ఆ రోజు పండరినాథ్ నల్లకోటు, తెల్లప్యాంటు వేసుకుని వచ్చాడు. పరీక్ష కాగానే కోర్టులో వాయిదా ఉందట. నేను పక్కన కూర్చున్నాను. ఎనిమిది ఆకారంలో తిప్పాడు, వెనక్కి నడిపి రెండు గుంజల మధ్య పెట్టాడు. ఉన్నట్టుండి ఆపమన్నాను, నా తల అద్దానికి తగలబోయేంత చక్కగా ఆపాడు. అంత నిదానంగా నడిపినవాణ్ణి ఆ నెలలో ఇంకొకణ్ణి చూడలేదు.

ఆర్టీవోగారు వరండా దిగి వచ్చాడు. వెనక ఆఫీసంతా వచ్చింది, పరీక్షలకు వరుసలో ఉన్నవాళ్లూ చుట్టూ చేరారు. మొదటి మాటకే నా చెవులు కాలాయి. “ఏమయ్యా, కుడిచెయ్యి లీవరు మీదుంటే నువ్వు చెయ్యి బయటపెట్టి సిగ్నలు ఎలా ఇస్తావు?” అన్నాడు. మేజిస్ట్రేట్లు ‘గారు’ అని పిలిచే మనిషిని, చంకకర్రలు కనబడగానే ‘నువ్వు’ అన్నాడు! పండరినాథ్ మర్యాద తప్పలేదు. దీపాలతో సిగ్నలు ఇయ్యొచ్చని చట్టంలోనే ఉంది సార్ అని, నాలుగు దీపాలూ వెలిగించి చూపాడు.

ఆ ఎత్తు పారలేదు. ఆర్టీవోగారు కాసేపు కారు చుట్టూ తిరిగి, బండి అంటుకుంటే ఏం చేస్తావన్నాడు. దిగుతానన్నాడు ఈయన. ఆ మంటల్లో కర్రలు వెతుక్కుంటావా, కర్రలు లేకుండా దిగి చూపించు అన్నాడు ఆయన. అలాంటి పరీక్ష ఏదీ లేదని నేను అడ్డుపడ్డాను. “ఇవాళ్టి నుంచి ఉంది. ఇది రూలు. ఎవరైనా సరే, ఒకరి సాయం లేకుండా దిగలేనివాడు నడపడానికి వీల్లేదు” అని అందరికీ వినబడేలా అన్నాడు.

పండరినాథ్ నా వైపు ఒకసారి చూశాడు. తలుపు తీశాడు, చేతులు సీటుకు ఆనించి కిందికి జారాడు. నల్లకోటుతో మట్టిలో పడ్డాడు. నేనూ ఇంకొకాయనా ముందుకు వంగాం. “ఎవ్వలు ముట్టొద్దు” అన్నాడు. అరచేతుల మీద ఒళ్లు లాక్కుంటూ దూరంగా వచ్చాడు. అక్కడితో చాలదా? చాలదట. ట్యాంకు పేలితే అంతదూరం సరిపోదు, ఇంకా వెనక్కి అన్నాడు ఆర్టీవో. ఇంకా వెనక్కి పాకాడు. తెల్లప్యాంటు మోకాళ్ల దగ్గర ఎర్రమట్టి అయిపోయింది. అనసూయమ్మ గోడ దగ్గర నిలబడి ఉంది. ఆమె ఏడవలేదు. ఆర్టీవో వైపు అలా చూస్తూనే ఉంది. నేనైతే ఆ చూపుకే చచ్చేవాణ్ణి, ఆయన జేబురుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. ఇది పరీక్షా? నా సర్వీసులో అంత నీచమైన పని ఇంకొకటి చూడలేదు. దాన్ని చేసింది నా పై అధికారి, నా ప్రాంతంవాడు అని రాయడానికి ఇప్పటికీ సిగ్గేస్తోంది.

ఆయన ఫలితం చెప్పకుండానే లోపలికి తిరగబోతూ, తరువాతివాణ్ణి చూసి పంపించేయమన్నాడు. ఆ తరువాతివాడు ఎవరో కాదు, ఆర్టీవోగారి బామ్మర్ది. అబిడ్స్‌లో బట్టల దుకాణం పెట్టబోతున్నాడు, స్నేహితుడి దగ్గర కారు అడిగి తెచ్చుకున్నాడు. మామూలుగా అయితే ఒక చుట్టు తిప్పించి పంపేవాళ్లం. నేను కారు దగ్గరికి వెళ్లి, బండి అంటుకుంది, దిగండి అన్నాను.

ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు. చెయ్యి తలుపు మీద వేసి తోశాడు, కదల్లేదు. అప్పుడు కనబడింది, డ్రైవరు వైపు తలుపు గడియ పోయి, దాన్ని లోపల నుంచి కొబ్బరితాడుతో సీటుకు బిగించి కట్టేశారు. ఆ రోజుల్లో ఊళ్లో సగం బండ్లకు ఇదే వైద్యం. అందరూ ఎడమవైపు నుంచి ఎక్కి, సీటు మీద జరిగి వచ్చి కూర్చునేవారు. అలవాటైపోయి ఎవరికీ అది లోపంగా కూడా తోచేది కాదు. బామ్మర్దిగారు ముడి విప్పబోయారు, రాలేదు. ఎడమవైపు జరగబోతే మోకాలు గేరు కర్రలో ఇరుక్కుంది, పొట్ట స్టీరింగుకు ఆని హారను మోగడం మొదలుపెట్టింది. అది ఆగకుండా మోగుతుంటే వరుసలో ఉన్నవాళ్లంతా గొల్లుమన్నారు.

ఆర్టీవోగారు వెనక్కి వచ్చి, “వాడికెందుకయ్యా ఇదంతా, వాడికి కాళ్లున్నాయి” అన్నాడు.

“కాళ్లున్నా బయటికి రాలేదు కదా సార్” అన్నాను.

ఇంకా మట్టిలోనే కూర్చుని ఉన్న పండరినాథ్ అప్పుడు నోరు తెరిచాడు, కోర్టులో మాట్లాడినట్టే నెమ్మదిగా. “రూలు అందరికని తమరే సెలవిచ్చిన్రు సార్. గీడ నిలబడ్డోళ్లందరు ఇన్నరు. జర ఆయన్ని గూడ దిగమనున్రి, నేను సూస్త.”

ఆర్టీవో వరండా ఎక్కి గదిలోకి పోయాడు. నేను అక్కడే, కాగితాలు కారు బానెట్ మీద పెట్టి, ఒకరు నెగ్గారనీ ఒకరు తప్పారనీ రాశాను. చట్టం ప్రకారం ఇచ్చి తీరాలి కాబట్టి ఆర్టీవోకు అప్పటికప్పుడే సంతకం పెట్టక తప్పలేదు. పండరినాథ్ వాయిదాకు ఆలస్యమైంది. మట్టికొట్టుకున్న ప్యాంటుతోనే, తన కారులో తానే నడుపుకుంటూ కోర్టుకు వెళ్లాడు. అనసూయమ్మ పక్కన కూర్చుంది.

నాకు సంక్రాంతి లోపలే బదిలీ వచ్చింది, సరిహద్దు చెక్‌పోస్టుకు. ఎందుకో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. వెళ్లేరోజు పండరినాథ్ నన్ను నాంపల్లి స్టేషనుకు తన కారులో దింపాడు. ఆయన్ని ఎరిగిన కూలీలు ఎత్తి దించుదామని పరుగెత్తుకొచ్చి డ్రైవరు వైపు తలుపు దగ్గర మూగారు, ఆయన వాళ్లను పక్కకు జరగమన్నాడు. తరువాత నాతో, “సామాను మీరే దించుకోవాలె సాబ్. నేను ఎవ్వల్ని ఎత్త, నన్ను ఎవ్వల్ని ఎత్తనియ్య” అన్నాడు. దించుకున్నాను.

ఈ సంగతి వల్ల నేను నేర్చుకున్నది ఇది. ఒక మనిషిని చూసి అప్పటికప్పుడు కొత్త రూలు పుట్టిందంటే, అది మంచిదో చెడ్డదో అక్కడ వాదించి లాభం లేదు. వరుసలో అతని వెనక నిలబడ్డవాడికి అదే రూలు పెట్టాలి. రూలు పుట్టించినవాడు తానే లోపలికి పోతాడు. రెండోది పనికి సంబంధించినది. రిటైరయ్యేదాకా ఏ పరీక్షయినా నేను ఒకే మాటతో మొదలుపెట్టాను. ఇంజను స్టార్టు చేయకముందే, డ్రైవరు వైపు తలుపు లోపల నుంచి తీసి దిగండి అనేవాణ్ణి. తాడు కట్టిన బండ్లన్నీ వెనక్కి పంపాను. వాటిలో వచ్చినవాళ్లలో కుంటివాడు ఒక్కడూ లేడు.