డైట్ చార్టులో రాయించని సంగటి

నా ఒంట్లో ఏదో తేడా వచ్చిందని నాకంటే ముందు మా డ్రైవరుకు తెలిసింది. అప్పుడు నేను గుంతకల్లులో గూడ్సు గార్డుగా పనిచేసేవాణ్ణి. బండి చివర బ్రేక్ వ్యాన్‌లో ఒక్కడినే కూర్చుని, దారిలో వచ్చే ప్రతి స్టేషన్‌లోనూ పచ్చజెండా చూపించాలి. వెనక అంతా సరిగ్గా ఉందని ఆ జెండాకు అర్థం. ఆ రోజు మిట్టమధ్యాహ్నం రెండు స్టేషన్లు దాటినా నా జెండా కనిపించలేదు. స్టేషన్ మాస్టరు ఫోన్ చేస్తే ఆ తర్వాతి స్టేషన్‌లో బండి నిలిపేశారు. డ్రైవరు బండి పొడవునా ఎండలో నడిచి వచ్చి చూస్తే, నేను కుర్చీలో కూర్చుని గురక పెడుతున్నాను. జెండా నా ఒళ్ళోనే ఉంది.

"సచ్చిపోయినావేమో అనుకొంటి కదన్నా," అన్నాడు. నేనేమో నవ్వేశాను. ఆ నవ్వు గుర్తొస్తే నా మీద నాకే ఇప్పటికీ కోపం వస్తుంది.

అప్పుడు నా వయసు నలభై ఒకటి, బరువు నూట ముప్పై ఎనిమిది కిలోలు. కరువు జిల్లాలో ఇంత ఒళ్ళు ఎట్లా వచ్చిందని అడగనివాళ్ళు లేరు. నేను ఎక్కితే ఇంజను మార్చాలని, దిగితే బండి తేలికవుతుందని తోటి గార్డులు ఎగతాళి చేసేవాళ్ళు. నేనూ వాళ్ళతో కలిసి నవ్వేవాణ్ణి. లావుగా ఉన్నవాడు తన మీద జోకులకు తనే ముందు నవ్వాలి, లేకపోతే వాళ్ళు ఇంకా గట్టిగా నవ్వుతారు.

రైల్వే ఆసుపత్రిలో షుగర్, బీపీ రెండూ బయటపడ్డాయి. బెంగళూరులో స్లీప్ స్టడీ చేయించుకు రమ్మన్నారు. నిద్రలో నా ఊపిరి ఆగి ఆగి వస్తోందట. దాన్ని స్లీప్ ఆప్నియా అంటారు. రైల్వే డాక్టరు ఆ రిపోర్టు చూసి, "ఓబులేసూ, ఈ బరువుతో నీకు గార్డు డ్యూటీకి ఫిట్ ఇవ్వలేను. తగ్గి రా, ఇస్తా," అన్నాడు. నన్ను ఆఫీసులో కూర్చోబెట్టారు. ఏడాదిపాటు నడిచాను, రాత్రి భోజనం మానేశాను. తొమ్మిది కిలోలు తగ్గి పదకొండు పెరిగాను.

ఆఫీసులో నాకు ఊపిరాడలేదు. పద్నాలుగేళ్ళు బ్రేక్ వ్యాన్‌లో తిరిగినవాణ్ణి. బండి కదిలితే ఎర్రనేల, శనక్కాయ చేన్లు, గుట్టలు వెనక్కి పోతూ ఉంటే చూసుకుంటూ ఒక్కడినే కూర్చోవడం నాకు ఇష్టం. ఆ కుర్చీ మళ్ళీ నాకు దక్కాలి. సన్నబడి అందంగా కనిపించాలని ఆపరేషన్‌కు పోయానని కొందరు అనుకున్నారు. బ్రేక్ వ్యాన్ కోసం పోయాను, ఇంకెందుకూ కాదు.

బెంగళూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి సర్జన్ కాగితం మీద బొమ్మ వేసి గ్యాస్ట్రిక్ బైపాస్ అంటే ఏమిటో చెప్పాడు. పొట్టను కోడిగుడ్డంత మిగిల్చి, దాన్ని నేరుగా పేగుకు కలుపుతారు. "నా పని మూడు గంటలు, మీ పని జీవితాంతం," అన్నాడు. మా ఆవిడ సరోజ ఆ మాట విని నా ముఖంలోకి చూసింది. నేను తల ఊపాను.

నా తప్పు జరిగింది ఆ తర్వాతి గదిలో. అక్కడ డైటీషియన్ ఉంది. చిన్న వయసు, ఇస్త్రీ చెదరని కోటు. ఇంట్లో ఏమేం తింటారని అడిగి రాసుకుంటోంది. మా ఇంట్లో రోజూ రాత్రి రాగిసంగటి ఉండాలి. ఉరవకొండ పక్కన మా పల్లెలో నేను పెరిగిందే దాంతో. కానీ మేముండే రైల్వే క్వార్టర్సులో ఎక్కడెక్కడి వాళ్ళో ఉంటారు. ఒకసారి ఒకాయన మా ఇంటికి వచ్చి, నా పళ్ళెంలో నల్లటి ముద్ద చూసి, ఇంత జీతం తీసుకుంటూ ఇదేం తిండి అని నవ్వాడు. అప్పటినుంచి ఎవరైనా తలుపు కొడితే సంగటి గిన్నె మీద మూత పడేది. ఆ అలవాటే బెంగళూరులోనూ పనిచేసింది. "అన్నం, చపాతీ, ఇడ్లీ" అని చెప్పాను. సరోజ నోరు తెరవబోతే మోకాలితో ఆమె కాలిని తట్టాను.

ఆ అమ్మాయి చెప్పింది చెప్పినట్టు రాసి చార్టు ఇచ్చింది. రెండు వారాలు నీళ్ళలాంటివి, రెండు వారాలు గుజ్జు, ఆ తర్వాత మెత్తటివి. ఏదైనా ముప్పైసార్లు నమలాలి. సంగటి గురించి ఒక్క మాట లేదు. నేను చెబితే కదా ఉండేది.

ఆపరేషన్ బాగా జరిగింది. తర్వాతి నెల మాత్రం నరకం. మందు కొలిచే చిన్న కప్పుతో పప్పుకట్టు, మజ్జిగ తాగాలి. ఎండలు మొదలయ్యాయి. చెంబు ఎత్తి గటగటా నీళ్ళు తాగడం మా అందరికీ అలవాటు. నాకేమో గుక్క తర్వాత గుక్కకు గడియారం చూసుకోవడమే సరిపోయేది. దాహంతో ఏడ్చిన రోజులున్నాయి. జుట్టు ఊడింది. పక్కింట్లో తాలింపు వాసన వస్తే కోపంతో కిటికీలు మూసేవాణ్ణి. అయినా బరువు తగ్గుతోంది. షుగర్ మాత్రలు ఆపేశారు. రెండు నెలలకు ఇరవై ఆరు కిలోలు తగ్గాను. గురక పోయింది. ఇంకో నాలుగు నెలల్లో డ్యూటీ ఎక్కుతానని ఆశ పుట్టింది.

తొమ్మిదో వారంలో అమ్మను చూడ్డానికి పల్లెకు పోయాను. ఆపరేషన్ సంగతి ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు, తిండి తగ్గించుకోవడానికి పొట్ట కోయించుకున్నానంటే వాళ్ళకు అర్థం కాదు. కరువుల్లో గంజి కోసం వరసలో నిలబడిన ఊరు అది. ఆ రోజుల్లో మగవాడు ఉన్నట్టుండి చిక్కిపోతే జనానికి ఒకే జబ్బు గుర్తొచ్చేది, ఎయిడ్స్. పైగా నాది ఊళ్ళు తిరిగే ఉద్యోగం. నేను బస్సు దిగి ఇంటికి చేరేలోపే ఆ మాట ఊరంతా పాకింది. అమ్మ చెవినీ పడింది.

మధ్యాహ్నం ఆమె సంగటి కెలికి, నా పళ్ళెం లోపల పెట్టకుండా బయట అరుగు మీద పెట్టింది. పక్కన పప్పు, శనక్కాయలు నూరిన ఊరిబిండి పచ్చడి. ఎదురింటివాళ్ళు గడపల్లో కూర్చుని ఉన్నారు.

"నలుగురూ సూసేట్ల తినప్పా. నా కొడుక్కి ఏ రోగమూ లేదని తెలియల్ల," అంది మెల్లగా.

మా వైపు సంగటి నమలరు. ముద్ద తుంచి, పప్పులో అద్ది, నాలుక మీద పెట్టుకుని మింగేయడమే. నమిలితే పళ్ళకు అంటుకుంటుంది, చూసేవాళ్ళు నవ్వుతారు. చిన్నప్పుడు నమిలినందుకు మా నాయన చేతిలో మొట్టికాయ కూడా తిన్నాను. నలభై ఏళ్ళుగా నా గొంతుకు తెలిసింది అదే. పైగా సంగటి మెత్తగా ఉంటుంది, చార్టులో మెత్తటివి తినవచ్చని ఉంది. అమ్మ ముఖం చూశాను, ఎదురింటివాళ్ళ ముఖాలు చూశాను. మూడు తుంచుళ్ళు మింగాను.

మూడోది దిగలేదు. రొమ్ము మధ్య ఎవరో పిడికిలి పెట్టి నొక్కినట్టు నొప్పి. నోట్లో నురగ ఊరింది. లేచి గోడ వెనక్కి పోయి కక్కుకున్నాను. కొంచెం బయటికి వచ్చింది, మిగతాది లోపలే ఉండిపోయింది. ఆ పూట నుంచి నీళ్ళు తాగినా వాంతే.

అప్పుడే బెంగళూరుకు పోయి ఉంటే ఈ కథ వేరుగా ఉండేది. నేను పోలేదు. సంగటి మింగానని ఆ డైటీషియన్ అమ్మాయికి ఏ ముఖంతో చెప్పాలి? తగ్గుతుందిలే అని ఊళ్ళోనే పడుకున్నాను. సూదులు వేసే ఆర్‌ఎంపీ వచ్చి, నీరసానికి గ్లూకోజ్ బాటిల్ ఎక్కించాడు. మా వైపు ఏ జబ్బుకైనా అదే మందు, బాటిల్ ఎక్కితే ప్రాణం లేచొస్తుందని అందరికీ నమ్మకం. నాకూ ఉండేది. రోజుకు ఒకటి చొప్పున ఎక్కించుకున్నాను. ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన విటమిన్ మాత్రలు వేసుకున్నవి వేసుకున్నట్టే వాంతిలో పోయేవి.

తొమ్మిదో రోజు పొద్దున లేచేసరికి అమ్మ ఒక్కతే ఇద్దరుగా కనిపించింది. నిలబడితే కాళ్ళ కింద నేల మెత్తగా అనిపించింది, అరుగు దిగుతూ పడిపోయాను. ఎదురింటాయన తాగి ఉన్నాననుకున్నాడట. సరోజ గుంతకల్లు నుంచి పరుగున వస్తే ఆమెను మా అక్క పేరుతో పిలిచానట. ఇదేదీ నాకు గుర్తు లేదు. ఆమె ఇంక ఎవరినీ అడగలేదు, కారు మాట్లాడి నన్ను బెంగళూరుకు తీసుకుపోయింది.

ఎండోస్కోపీలో చూస్తే పొట్టకూ పేగుకూ కలిపిన జాయింట్ అప్పటికే సన్నబడి ఉంది, సంగటి దానికి అడ్డం పడి ఉంది. అది తీసేసి, బెలూన్‌తో దారి వెడల్పు చేశారు. అది అరగంట పని. అసలు నష్టం వేరేచోట జరిగింది. న్యూరాలజిస్టు వచ్చి సరోజను ఒకే ప్రశ్న అడిగాడు, గ్లూకోజ్ ఎక్కించారా అని. ఎక్కించారంది.

"గ్లూకోజ్ ఒంటికి పట్టాలంటే బీ వన్ విటమిన్ కావాలమ్మా. ఇన్ని రోజుల వాంతులతో అది అడుగంటింది. మిగిలిన కాస్తా ఆ బాటిళ్ళకే ఖర్చయింది. ముందు బీ వన్ ఇంజెక్షన్ ఇచ్చి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు," అన్నాడు.

ఇంజెక్షన్లతో నాలుగు రోజుల్లో చూపు సరిగ్గా అయింది. మతిమరుపు తగ్గడానికి ఆర్నెల్లు పట్టింది. పాదాలకు స్పర్శ మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. చెప్పు జారిపోయినా తెలియదు, గాజుపెంకు గుచ్చుకున్నా తెలియదు. రోజూ పడుకునే ముందు అరికాళ్ళు అద్దంలో చూసుకుంటాను.

ఏడాదికి ఎనభై నాలుగు కిలోలకు వచ్చాను. షుగర్ లేదు, బీపీ లేదు, నిద్ర బాగుంది. రైల్వే డాక్టరు దగ్గరికి ఫైలు పట్టుకుని పోయాను. రిపోర్టులన్నీ చూసి మెచ్చుకున్నాడు. తర్వాత పాదాలు దగ్గరికి పెట్టి కళ్ళు మూసుకుని నిలబడమన్నాడు. మూశాను. నేను కదలకుండా నిలబడ్డాననే అనుకున్నాను. కళ్ళు తెరిచేసరికి ఆయన రెండు చేతులతో నన్ను పట్టుకుని ఉన్నాడు.

"బరువు తగ్గి రమ్మన్నా, తగ్గి వచ్చినావు. కానీ కదిలే బండి మీద నిన్ను నిలబెట్టలేను ఓబులేసూ," అన్నాడు.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది అంటారు. ఆ సామెత ఎన్నోసార్లు వాడాను, ఆ రోజు దాని అర్థం తెలిసింది. ఇప్పుడు రికార్డు సెక్షన్‌లో కూర్చుంటున్నాను. పాత ఫైళ్ళకు దారం కడతాను. సన్నబడి కుర్రాడిలా ఉన్నావప్పా అని జనం మెచ్చుకుంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. మధ్యాహ్నం చిన్న గిన్నెడు తినడానికి అరగంట పడుతుంది, నా పక్కన కూర్చున్నవాళ్ళు తిని చేతులు కడుక్కుని పోతారు. పెళ్ళిళ్ళకు పోవడం మానేశాను. రెండు ముద్దలకు చెయ్యి కడిగితే, వంట బాగాలేదా అని పెళ్ళివాళ్ళు నొచ్చుకుంటారు, ప్రతిచోటా పొట్ట కథ చెప్పుకోలేను.

అమ్మ సంగతి ఇంకా చేదు. నన్ను తన చేత్తోనే పాడుచేసిందని ఆమె నమ్మింది. సంగటి కెలికే కట్టెను ఎవరికో ఇచ్చేసి, రాగులు ఇంట్లోకి రానివ్వడం మానేసింది. చౌకబియ్యం వండుకుని తినేది. ఈ చేతులు విరిగిపోనీ అని ఆమె తిట్టుకుంటుంటే నేను వింటూ ఊరుకున్నాను. ఒకరోజు కాదు, రెండేళ్ళు ఊరుకున్నాను. ఆమె మీద నెపం ఉంటే నా మీద ఉండదు కదా. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ సిగ్గుపడి దాచింది ఇక చాలు.

పోయిన ఏడాది పల్లెకు పోయినప్పుడు చెప్పేశాను. తప్పు నీ సంగటిది కాదమ్మా, ఆసుపత్రిలో ఏం తింటావని అడిగితే దాని పేరు చెప్పకుండా దాచినా అన్నాను. చెప్పి ఉంటే ఎట్లా తినాలో, ఎప్పుడు తినాలో వాళ్ళే చెప్పేవాళ్ళని అన్నాను.

"దాన్ని తినే కదప్పా ఇంతోడివైనావు. ఏం సిగ్గు నీకు?" అంది.



ఈ ఆపరేషన్‌కు పోయేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒక్కటే. డైటీషియన్ దగ్గరికి పోయేటప్పుడు మీ ఇంట్లో రోజూ తినేదాన్ని క్యారియర్‌లో పెట్టుకుని పోండి. ఆమె ఎదుట మూత తీసి, మీ ఇంట్లో ఎట్లా తింటారో అట్లాగే తిని చూపించండి. నవ్వితే నవ్వనీయండి. నేను దాచింది ఒక్క మాట. దానికి నా బండి పోయింది, మా అమ్మ రెండేళ్ళు తన చేతుల్ని తిట్టుకుంది.