కుట్టు సిద్ధాంతం

చొక్కాల ఫ్యాక్టరీ మూడో లైనులో కాలర్ అక్క అంటే తెలియని వాళ్ళు లేరు. పద్దెనిమిదేళ్ళుగా ఆమె పని ఒక్కటే. ముందు మెషీను మీద భుజాలు కలిపి పంపిన చొక్కాకు కాలర్ అతికించి, పక్కన కూర్చున్న కఫ్ పిల్లకు అందించడం. రోజుకు నాలుగు వందల కాలర్లు. ఇన్నేళ్ళలో ఆ ఫ్యాక్టరీలో ఒక్క పూర్తి చొక్కా కూడా కుట్టలేదు కాబట్టి ఆమెకు కుట్టు రాదనుకుంటే పప్పులో కాలేసినట్టే. పెళ్ళికి ముందు తల్లి దగ్గర ఆరేళ్ళు చేతికుట్టు నేర్చుకుంది. చిరుగు మీద వేసిన అతుకు చూసి ఇది ఫలానా వాళ్ళ చెయ్యి అని చెప్పగలదు. చేతిరాత ఎలాగో చేతికుట్టూ అలాగే, ఏ ఇద్దరిదీ ఒకలా ఉండదంటుంది.

అంటుంది సరే, వినేదెవరు? నోరు తెరిస్తే చాలు, "నీకేం తెలుసులే" అనేవాళ్ళే చుట్టూ. పుట్టింట్లో అన్నయ్య అన్నాడు, పెళ్ళయ్యాక మొగుడు అందుకున్నాడు, ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు రోజుకోసారైనా అనందే ఆయనకు టీ దిగదు. అనిపించుకుని అనిపించుకుని చివరికి ఆమే నమ్మేసింది, తనకేమీ తెలియదని.

అలాంటి మనిషి పదకొండు వేలమంది నోళ్ళలో నానడానికి కారణం "మంచు చంద్రుడు" అనే డబ్బింగ్ సీరియల్. ఎక్కడో గడ్డకట్టిన ఓ చంద్రుడి మీద కెప్టెన్, పైలట్, డాక్టరమ్మ, వంటవాడితో కలిపి ఎనిమిదిమంది పనివాళ్ళు గనులు తవ్వుతుంటారు. ఆ మంచు కింద ఒక వింత జీవం ఉంటుంది. దానికి ఒళ్ళు వేలు, బుద్ధి ఒక్కటి. పేరు సమూహం. అది ఎవరిలో దూరితే వాళ్ళు పైకి మామూలుగానే ఉంటారు, లోపల మాత్రం అందరిలో ఒకరైపోతారు. రెండో భాగంలో సమూహమే చెబుతుంది: "ఒక చెయ్యి నేర్చింది అన్ని చేతులూ నేర్చినట్టే." ఆ ఎనిమిదిమందిలో ఇప్పటికే సమూహంలో కలిసిపోయిందెవరు? లోకమంతా కొట్టుకు చస్తున్నది దీని గురించే.

ఇంట్లో కాలర్ అక్కా, వాళ్ళత్తా భోజనం పళ్ళేలు ఒళ్ళో పెట్టుకుని మరీ చూసేవారు. అత్తగారు మొదటినుంచీ పైలట్ పక్షం. అతను చచ్చిపోయిన తన తమ్ముడిలా ఉంటాడట, అందుకని మంచివాడట.

"అయినా అందులో కలిసిపోతే తప్పేంటే? నలుగురితో పాటు నారాయణా అనుకుంటే పోలా?" అనేది ఆవిడ.

"అప్పుడు మీకూ నాకూ ఒకటే బుర్ర ఉంటుందత్తయ్యా."

"అమ్మో, వద్దులే."

లైనులో మధ్యాహ్నం డబ్బాలు విప్పితే ఇదే గొడవ. కఫ్ పిల్ల ఫోనులో పదకొండు వేలమంది అభిమానుల గుంపు ఒకటుంది. దాన్ని నడిపేది ఒక లెక్కల మాస్టారు. అందరూ థియరీ మాస్టారు అంటారు. పైలట్ గంటలో ఎన్నిసార్లు రెప్ప వేస్తాడో లెక్కపెట్టి, వాడే దొంగ అని తేల్చేశాడాయన. కఫ్ పిల్ల కాలర్ అక్కను కూడా ఆ గుంపులో చేర్చింది. చేరిందన్న మాటేగానీ, నెల రోజులు ఒక్క ముక్క రాయలేదు.

చివరి భాగం శుక్రవారం వస్తుందనగా, ఆదివారం మధ్యాహ్నం అత్తాకోడళ్ళు పాత భాగాలు మళ్ళీ చూస్తున్నారు. కళ్ళజోడు కనబడటం లేదని అత్తగారు ఆపమంది. ఆగిన బొమ్మలో వంటవాడు స్టవ్ ముందు నిలబడి ఉన్నాడు. చిరిగిన గ్లవ్ తనే కుట్టుకుని తొడుక్కున్న సన్నివేశం అది. కాలర్ అక్క ఊరికే ఆ కుట్టు వైపు చూసింది. మూడు కుట్లు నిటారుగా, నాలుగోది ఎడమకు ఒరిగి. మళ్ళీ మూడు నిటారు, నాలుగోది ఎడమకు.

ఎక్కడో చూసింది దీన్ని. మూడో భాగం పెట్టింది. అక్కడ డాక్టరమ్మ కెప్టెన్ కోటు చెయ్యి కుడుతుంది. బొమ్మ ఆపి, ఫోనుతో ఫోటో తీసి, పెద్దది చేసి చూసింది. మూడు నిటారు, నాలుగోది ఎడమకు!

"అత్తయ్యా! వీళ్ళిద్దరిదీ ఒకటే చెయ్యి!"

"ఎవరిద్దరిదీ? నా కళ్ళజోడు చూశావా?"

"డాక్టరమ్మదీ, వంటవాడిదీ! ఒకరు నేర్చింది అందరూ నేర్చినట్టే అని అది చెప్పలా? ఇద్దరూ కలిసిపోయారు!"

అత్తగారు కళ్ళజోడు సంగతి మరిచిపోయి ఫోను లాక్కుంది. రెండు ఫోటోలూ మార్చి మార్చి చూసి, నోటిమీద చెయ్యి వేసుకుంది.

"రాయవే. ఆ గుంపులో రాసెయ్. ఆ రెప్పల మాస్టారు చూడాలి."

రాసింది కాలర్ అక్క. రెండు ఫోటోలు పెట్టి, "నేను కుట్టుపని చేసేదాన్ని. నాకు చేతులు తెలుసు. ఇది ఒకే చెయ్యి" అని ముగించింది. నాకు తెలుసు అనే మాట ఆమె జన్మలో రాయడం అదే మొదలు. పంపాక ఫోనును దిండు కింద దాచేసింది.

సోమవారం పొద్దున లైనులోకి అడుగుపెట్టేసరికి కఫ్ పిల్ల ఎగిరి గంతేసింది. "అక్కా, నాలుగు వేలమందికి నచ్చిందక్కా! మాస్టారు నీ మీద వీడియో చేశాడు!" మాస్టారు దానికి కుట్టు సిద్ధాంతం అని పేరు కూడా పెట్టి, ఆమెను ఆకాశానికెత్తేశాడు. మూడో లైను రెండు ముక్కలైంది. గుండీలవాళ్ళంతా దొంగ వంటవాడే అనే పార్టీ, జేబులవాళ్ళంతా దొంగ పైలటే అనే పార్టీ. ఇస్త్రీ సెక్షన్ నుంచి కూడా జనం వచ్చి, "అక్కా, ఆ ఫోటో ఒక్కసారి చూపించవూ" అని అడిగిపోయారు. బుధవారం సాక్షాత్తూ సూపర్‌వైజరే మెషీను పక్కన నిలబడి, గొంతు తగ్గించి అడిగాడు.

"అయితే డాక్టరమ్మ కూడా పోయినట్టేనంటావా?"

"పోయినట్టే సార్."

"ఛ. మంచి మనిషి." ఆయన నిజంగానే బాధపడ్డాడు.

ఆ వారం కాలర్ అక్క కాళ్ళు నేలమీద లేవు. సీరియల్ ఎలా ముగిస్తే ఆమెకేంటి? కానీ ఇప్పుడు అది సీరియల్ కాదు. తన కళ్ళకు తెలిసింది కూడా తెలివే అవునా కాదా అన్నది శుక్రవారం తేలబోతోంది.

శుక్రవారం షిఫ్టు అయ్యాక, ఐదింటికి, క్యాంటీన్ టీవీ ముందు వందమంది కూర్చున్నారు. అరగంట గడిచింది. సమూహం గనివాళ్ళుండే స్టేషన్ లోపలికి వచ్చేసింది. వంటవాడు పరిగెత్తి గాలిగది తలుపు మూసి, తను లోపలే ఉండిపోయి, తాళం సంఖ్య మార్చేశాడు. సమూహం తలుపు అవతల నిలబడి బతిమాలింది, బెదిరించింది. అంతమంది బుర్రలున్నా దానికి ఆ సంఖ్య తెలియలేదు. తెలియదు మరి, వంటవాడు దానిలో లేడు. డాక్టరమ్మా లేదు. సమూహం మధ్యలో నిలబడి, రెప్ప వేయకుండా నవ్వాడు పైలట్.

జేబులవాళ్ళు ఈలలు వేశారు. ఇంకా తెర మీద అక్షరాలు పోతుండగానే గుంపులో మాస్టారు రాశాడు: "కాలర్ అక్కయ్యా, ఒకే చెయ్యి అన్నారు, నిజమే! షూటింగులో బట్టలు చూసే మనిషి చెయ్యి! రెండూ కుట్టింది ఆవిడే కదా!" కింద నవ్వే బొమ్మలు బారులు తీరాయి.

"నేను అప్పుడే అనుకున్నా," అన్నాడు సూపర్‌వైజరు. "నీకేం తెలుసులే అని ఊరికే అంటానా?"

ఓడిపోయినందుకు కాదు ఆమె సిగ్గుపడింది. తెరమీద కనబడే చిరుగు వెనక సూది పట్టుకున్న మనిషి ఒకరుంటారని ప్రపంచంలో ఇంకెవరికీ తట్టకపోయినా తనకు తట్టాలి. దర్జీ అయ్యుండి దర్జీనే మరిచిపోయింది. బస్సులో ఇంటికి వెళ్తూ ఆ మాటే పదిసార్లు అనుకుంది. శనివారం డబ్బా తీసుకుని ఒక్కతే మెట్లమీద కూర్చుని తింది. అత్తగారు తన వంతుగా, పోయిన తమ్ముడి మీద కూడా ఇకనుంచి నమ్మకం లేదని ప్రకటించింది. అయినా కోడలు నవ్వలేదు.

సోమవారం మధ్యాహ్నం భోజనాలు సగంలో ఉండగా కఫ్ పిల్ల కేక పెట్టింది.

"అక్కా! నీకు ఎవరో రాశారు! వేరే భాష. ఉండు, ఫోనే తెలుగులోకి మార్చి చూపిస్తుంది."

కఫ్ పిల్ల పైకి చదివింది: "ఆ కోటు, ఆ గ్లవ్ కుట్టింది నేనే. పద్నాలుగేళ్ళుగా తెరమీద వాళ్ళకు చిరుగులు కుడుతున్నాను. చివర్లో పడే పేర్లలో నా పేరుండదు. దర్శకుడు నన్ను సూదీ అని పిలుస్తాడు. మీ ఫోటోలు నాకు మా యూనిట్‌లో ఒకతను నవ్వుతూ చూపించాడు. నేను నవ్వలేదు. పెద్దది చేసి మా అమ్మకు చూపించాను. నా చెయ్యిని గుర్తుపట్టిన మనిషి మీరొక్కరే."

కాలర్ అక్క ఫోను తీసుకుంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా ఆమె ముఖం మాత్రం వెలిగిపోతోంది. గ్లవ్ చూసిన ఆ ఆదివారం నుంచీ అడగాలని ఉన్నా అడగడానికి మనిషి లేని ప్రశ్న ఒకటుంది ఆమె దగ్గర. అది రాసింది.

"గ్లవ్ మీద బొటనవేలి దగ్గర ఒక్క కుట్టు వదులైంది. మీ చేతికి అది అలవాటు కాదు. అప్పుడు ఏదో జరిగింది కదూ?"

గంట కొట్టారు. మెషీన్లు మొదలయ్యాయి. భుజాలు కలిపిన చొక్కాలు ఆమె బల్లమీద ఐదు, ఏడు, పది పోగుపడ్డాయి. కాలర్లు రాక కఫ్ పిల్ల చేతులు కట్టుకుని కూర్చుంది, గుండీలవాళ్ళు మెడలు చాచి చూస్తున్నారు. లైనెందుకు ఆగిందంటూ సూపర్‌వైజరు గబగబా వచ్చాడు, ఆమె భుజం మీదుగా వంగి చదివాడు, ఇంకేమీ అనకుండా ఆమెతో పాటు ఎదురుచూస్తూ నిలబడిపోయాడు.

జవాబు వచ్చింది.

"జరిగింది. స్కూల్లో మా పాప పడిపోయిందని ఫోన్ వచ్చింది. ఉలిక్కిపడ్డాను, సూది గుచ్చుకుంది. రక్తం అంటకూడదని తుడుచుకుని, ఆ కుట్టు అలాగే వదిలి మిగతాది ముగించి పరిగెత్తాను. పాప బాగానే ఉంది."

పన్నెండో చొక్కా వచ్చి పడింది. కాలర్ అక్క దాన్ని పక్కకు జరిపి, "ఏ వేలికి గుచ్చుకుంది?" అని రాసింది.