రెండో రాణి

అనుమానం నాకు పుట్టుకతో వచ్చిన గుణం. ఇంటికొచ్చిన పాలప్యాకెట్టును కూడా అటూ ఇటూ తిప్పి చూసేదాన్ని. అలాంటి నన్ను పద్యనాటకంలో చేర్పించారు.

మణుగూరులో మేముండేది బొగ్గుగని వాళ్ళ కాలనీ. గనిని మావాళ్ళు బాయి అంటారు. మాకు నాటకం నేర్పే సారు కూడా బాయిలో పనిచేసి రిటైరైన మనిషే. సాయంత్రాలు కమ్యూనిటీ హాల్లో చాప పరిచి, హార్మోనియం ముందేసుకుని, మా ఈడు పిల్లలతో పద్యాలు పాడించేవాడు. మా ఫోన్లన్నీ ముందే ఒక బుట్టలో వేయించేవాడు. అర్థం తెలియకుండా రాగం తీస్తే చాలు, హార్మోనియం మూసేసి గోడ వైపు తిరిగి కూర్చునేవాడు.

నేనప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం. రాణి వేషం నాది. ఆఖరి రంగంలో రాజు యుద్ధంలో చనిపోతే, రాణి వచ్చి శవం పక్కన కూలబడి, బొట్టు తుడుచుకుంటూ పద్యం ఎత్తుకుంటుంది. నాకు ఆ నాటకంలో కావలసింది ఆ పద్యం ఒక్కటే. మిగతాదంతా దాని కోసం ఓపిక పట్టడమే. ఇంట్లో పాడడం మొదలుపెడితే అమ్మ మిక్సీ వేసేది.

భద్రాచలంలో ప్రదర్శన దగ్గర పడ్డాక సారు ఒక సాయంత్రం, నా మొహం చూడకుండా, ఆఖరి రంగానికి రెండో రాణి వస్తుందని చెప్పాడు. పద్యనాటకాల్లో ఇది మామూలే. ఒకే వేషాన్ని ఇద్దరు పంచుకుంటారు. మొదటివాళ్ళు దిగిపోతే రెండోవాళ్ళు అవే నగలతో, అదే కిరీటంతో వస్తారు. జనం కూడా ఏమీ అనుకోరు. కానీ మాది చిన్న నాటకం, దానికి ఇద్దరు రాణులెందుకు? నా గొంతు అలిసిపోతుందట! నేను మా గుమ్మంలో నిలబడి పిలిస్తే కాలనీ చివర ఆడుకునే తమ్ముడు పరుగెత్తుకుని వస్తాడు. అలాంటి గొంతు అలిసిపోతుందా?

రెండో రాణి నాకన్నా ఏడాది చిన్నది. వాళ్ళు కాలనీకి కొత్తగా వచ్చారు. వాళ్ళమ్మకు గని ఆఫీసులో ఉద్యోగం. ఇంకేముంది, నాకు విషయం అర్థమైపోయింది. సారుకు ఆ ఆఫీసులో ఏదో పని పడి ఉంటుంది, ఆ పని కోసం నా పద్యం పట్టుకెళ్ళి వాళ్ళ చేతిలో పెట్టాడు.

అప్పటి నుంచి కాపలా కాశాను. ఆ అమ్మాయికి పై స్థాయి అందదు. అందుకని సారు శ్రుతి తగ్గించాడు. పద్యం మధ్యలో ఆమె ఊపిరి తీసుకున్నా ఏమీ అనలేదు. అదే పని నేను చేసి ఉంటే ఇంటికి పొమ్మనేవాడు. సారు భార్య ఆమెకు గ్లాసులో మజ్జిగ తెచ్చిచ్చేది, కరివేపాకు వేసి మరీ. మాకేమో కుండలో నీళ్ళు.

నాన్నతో చెప్పాను. నాన్నకు పద్యాలంటే ప్రాణం. బాయిలోకి దిగేటప్పుడు కూడా రాగాలు తీస్తాడని ఆయన జట్టువాళ్ళు ఆటపట్టించేవారు. విన్న వెంటనే సారును అడిగేస్తానని చెప్పులు వేసుకున్నాడు. అమ్మ తలుపుకు అడ్డం నిలబడి, పిల్లల ఆటలో పెద్దవాళ్ళెందుకని కూర్చోబెట్టింది. ఆ పూట చేపల పులుసు కూడా చేసింది, పండగా లేదు పబ్బమూ లేదు. నాకు అమ్మ మీద కూడా అనుమానం వచ్చింది గానీ, ముళ్ళు తీసుకునే పనిలో పడి మరిచిపోయాను.

ప్రదర్శన రోజు నా వంతు బాగానే పాడాను. చప్పట్లు కూడా పడ్డాయి. స్టేజి వెనక గదిలోకి వచ్చి, నా నగలు తీసి ఆ అమ్మాయికి పెట్టి, కిరీటానికి పిన్నులు గుచ్చుతున్నాను. ఇక ఆగలేకపోయాను. సారును మీ అమ్మ ఎలా పట్టుకుందో చెప్పమని అడిగేశాను.

ఆమె అద్దంలోంచే నన్ను చూసింది. "మా అమ్మ కాదక్కా. మీ అమ్మనే సార్ ఇంటికి పోయి ఏడ్సింది. మా ఆయన బాయిల దిగుతడు, నా బిడ్డ గట్ల బొట్టు తుడుసుకుంట ఏడిస్తే నేను తట్టుకోలేనన్నది. సార్ మిగిలిన పిల్లల ఇండ్లల్ల గూడ అడిగిండు. ఎవ్వరు ఒప్పుకోలే."

"మరి మీ అమ్మ ఎట్ల ఒప్పుకున్నది?"

"మా నాన్న డ్యూటీకి పోయి సచ్చిపోయిండు. ఆయన నౌకరే అమ్మకిచ్చిన్రు. మా ఇంట్ల ఇగ భయపడేటందుకు ఏమున్నదక్కా?"

పిన్ను నా చేతిలోనే ఉండిపోయింది. ఆమే దాన్ని తీసుకుని, తలకు గుచ్చుకుని, స్టేజి మీదికి వెళ్ళింది.

తెర పక్కన నిలబడి చూశాను. ఆమె బొట్టు తుడుచుకుని పద్యం ఎత్తుకుంది. శ్రుతి తక్కువే. మధ్యలో ఊపిరి కూడా తీసుకుంది. అయినా హాల్లో ఎవరూ కదల్లేదు. ముందు వరుసలో మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల వంచుకుంది. పక్క కుర్చీలో వాళ్ళమ్మ, ఆఫీసు బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, రెప్ప వేయకుండా బిడ్డనే చూస్తోంది.

పద్యం ముగిసిందో లేదో ఒక గొంతు గట్టిగా "వన్స్ మోర్" అంది. మా నాన్నది. ఆయనకేం తెలుసు, పద్యం నచ్చింది అంతే. అమ్మ ఆయన చెయ్యి పట్టి కిందికి గుంజింది. ఆయన విదిలించుకుని లేచి మళ్ళీ అన్నాడు. ఈసారి హాలంతా అందుకుంది. వన్స్ మోర్ పడిందంటే మొదటి నుంచి పాడి తీరాలి. పద్యం పాడేవాళ్ళెవరూ దాన్ని కాదనరు. నాకు పరుగెత్తుకెళ్ళి నాన్న నోరు మూయాలనిపించింది. ఏడుపు ఆగలేదు.

ఆమె నాన్న వైపు తిరిగి దండం పెట్టింది. మళ్ళీ శవం పక్కన కూర్చుని, బొట్టు లేని నుదురునే ఇంకోసారి తుడుచుకుంటూ, పద్యం మొదటి నుంచి ఎత్తుకుంది.