బలవంతానికి రెండు అర్థాలు

2021 శరదృతువు. కైసర్స్‌లౌటర్న్‌లో మా ఊరి కోర్టు. అందరి ముఖాలకూ మాస్కులు, మనిషికీ మనిషికీ మధ్య ప్లాస్టిక్ తెరలు. గాలి ఆడాలని కిటికీలన్నీ తెరిచిపెట్టడంతో జడ్జి గారితో సహా అందరం చలికి ముడుచుకుని కూర్చున్నాం. నేను అక్కడ ప్రమాణం చేసిన ఇంటర్‌ప్రెటర్‌ని. తెలుగులో అన్నది జర్మన్‌లో, జర్మన్‌లో అన్నది తెలుగులో చెప్పాలి. ఏదీ కలపకూడదు, ఏదీ వదలకూడదు, ఎవరికీ సలహా ఇవ్వకూడదు.

ఆ రోజు నిందితుడు శ్రవణ్. కరీంనగర్ నుంచి వచ్చిన మాస్టర్స్ విద్యార్థి. లైసెన్స్ లేకుండా కారు నడిపాడని కేసు. మన లైసెన్స్ ఇక్కడ స్థిరపడ్డాక ఆరు నెలలే చెల్లుతుంది. ఆ గడువు దాటాక నడిపితే చలాన్ కట్టి వదిలించుకునే తప్పు కాదు, క్రిమినల్ కేసే. శిక్ష పడితే రేపు వీసా దగ్గర ఏమంటారో, ఉద్యోగం ఎవరిస్తారో అని అబ్బాయికి నిద్ర లేదు. లాయర్ కూడా లేడు.

కారు పక్క ఫ్లాట్‌లో ఉండే రమేశ్ గారిది. విజయవాడ ఆయన, ఐటీ ఉద్యోగి. కేసు అయిన రోజు, క్వారంటైన్‌లో చిక్కుకున్న ఓ తెలుగు కుటుంబానికి సరుకులు ఇచ్చి, ఇద్దరూ అడవి దారిలో తిరిగి వస్తున్నారు. అక్కడిదాకా నడిపింది రమేశ్ గారే.

"మరి స్టీరింగ్ మీ చేతికి ఎలా వచ్చింది?" అని అడిగారు జడ్జి.

"అన్ననే బలవంతం చేసిండు మేడమ్."

అనువదించబోయి ఆగాను. ఆ మాటకు జర్మన్‌లో చప్పున తట్టే పదానికి కోర్టులో చాలా బరువుంది. ప్రాణాలకు ముప్పు చూపి ఒకరిచేత నేరం చేయిస్తే, చేసినవాడు శిక్ష తప్పించుకోవచ్చు. ఇంగ్లిష్ చట్టంలో దాన్ని డ్యూరెస్ అంటారు. కానీ చేయించినవాడి మెడకు కేసు చుట్టుకుంటుంది. రమేశ్ గారేమో సాక్షిగా పిలిపిస్తే వచ్చి బయట బెంచీ మీద కూర్చున్నారు. మన ఇళ్లలో ఇంకో గరిటె పప్పు వడ్డించేవాళ్లు కూడా బలవంతమే చేస్తారు కదా!

చెయ్యి ఎత్తాను. "మేడమ్, ఈ మాటకు తెలుగులో రెండు అర్థాలున్నాయి. బెదిరించడం ఒకటి, పట్టుబట్టి అడగడం ఇంకొకటి. ఏది అన్నది నేను తేల్చకూడదు."

"అయితే ఆ రోజు రమేశ్ ఏమన్నారో ఉన్నదున్నట్టు చెప్పమనండి," అన్నారు జడ్జి.

"'నా వల్ల గాదు శ్రవణ్, నువ్వు నడుపు' అన్నడు. కిడ్నీల రాయి మేడమ్, నొప్పికి మెలికలు తిరుగుతుండు. నేను వద్దంటుంటే మల్ల మల్ల బతిమిలాడిండు."

"మిమ్మల్ని బెదిరించారా?"

"అన్ననా? నన్నా?" శ్రవణ్ నా వైపు తిరిగాడు. "అయ్యో, గట్ల రాసుకోవద్దని చెప్పండి మేడమ్!"

అది కూడా అనువదించాను. నా పని అదే. కానీ అబ్బాయి బయటపడే దారిని నా చేత్తోనే మూసేశానా అనిపించింది.

జడ్జి గారు తొందరపడలేదు. బెదిరింపు లేకపోయినా ఇంకో దారి ఉందని శ్రవణ్‌కు నిదానంగా వివరించారు. జర్మన్‌లో దాని పేరు నోట్‌ష్టాండ్, అంటే అత్యవసర పరిస్థితి. ఎవరి ప్రాణానికో ఒంటికో అప్పటికప్పుడు ప్రమాదం వచ్చి, కాపాడడానికి వేరే మార్గం లేక చేసిన పని అయితే అది నేరం కిందికే రాదు. వేరే మార్గం లేదన్నదే ఇక తేలాలి.

ప్రాసిక్యూటర్ కుర్రవాడే గానీ చురుకైనవాడు. "అంబులెన్స్‌ను ఎందుకు పిలవలేదు?"

"అడవిల సిగ్నల్ లేదు సార్. ఒక్క బండి గూడ రాలే."

"సిగ్నల్ వచ్చాక?"

"బండి ఆపేసిన. అంబులెన్స్‌కి ఫోన్ జేస్తుంటెనే పోలీసులొచ్చిండ్రు."

ఆ రోజు అక్కడికి వచ్చిన పోలీసాయన సాక్ష్యం కూడా దీనికి సరిపోయింది. తాము వెళ్లేసరికే కారు రోడ్డు పక్కన ఆగి ఉందని, ఈ అబ్బాయి ఫోన్‌లో దారి చెబుతున్నాడని, ఎవరు నడిపారని అడగ్గానే "నేనే" అన్నాడని చెప్పాడు. తర్వాత రమేశ్ గారిని లోపలికి పిలిచారు. ఆ నొప్పి ఎలాంటిదో ఆయన నడుం పట్టుకుని మరీ చూపించారు.

"మీరు ఇతన్ని బెదిరించారా?" అని జడ్జి అడిగారు.

"బెదిరించే ఓపికే ఉంటే నేనే నడిపేవాణ్ణి కదండీ!"

ఇన్నేళ్లలో ఏ వాక్యాన్నీ అంత ఇష్టంగా అనువదించలేదు. మాస్కు పైన జడ్జి గారి కళ్లు నవ్వుకు చిన్నవయ్యాయి. ప్రాసిక్యూటర్ తల వంచుకున్నాడు గానీ భుజాలు కదులుతూనే ఉన్నాయి. కాసేపటికి అతనే లేచి, నిర్దోషిగా విడుదల చేయమని కోరాడు. జడ్జి గారు తీర్పు కూడా అలాగే చెప్పారు.

కారిడార్‌లో శ్రవణ్ అమ్మకు ఫోన్ చేశాడు. కేసు సంగతి ఆవిడకు అసలు తెలియనే తెలియదట. "ఏం లేదమ్మా, ఊకెనే జేసిన. తిన్నవా?" అంటున్నాడు, కళ్లు తుడుచుకుంటూ. రమేశ్ గారి దిగులు వేరు. "జర్మన్‌లో మొత్తం బట్టీ పట్టి వచ్చానండీ. ఒక్క ముక్క కూడా వాడనివ్వలేదు, తెలుగులోనే చెప్పమన్నారు!"

తడుముకోకుండా గబగబా చెప్పడమే మా వృత్తిలో నేర్పు అని అందరూ అనుకుంటారు. ఎక్కడ ఆగాలో తెలియడం అంతకంటే ముఖ్యమని ఆ కేసులో నాకు అర్థమైంది. ఇప్పటికీ ఒక మాట రెండు వైపులా మొగ్గుతోందనిపిస్తే చెయ్యి ఎత్తుతాను, ఆ మనిషినే అడగమంటాను. కొత్తగా వచ్చిన జడ్జిలు కొందరు విసుక్కుంటారు. విసుక్కోనిస్తాను.