బీరువాను తప్పించుకున్న రైలు

కనకమ్మ సత్రం అనే ఊళ్లో మా మామ పొలం ఒక ఏడాది ఆడి నెలంతా, అంటే సరిగ్గా విత్తే కాలమంతా, బీడుగా పడి ఉంది. వాన పడలేదా అంటే, దండిగా పడింది. విత్తనం లేదా అంటే, ఇంట్లో గోనెసంచుల నిండా ఉంది. మామకు ఒంట్లో నలతా అంటే, ఆయన ఇప్పటికీ నాకంటే గట్టిగా ఉన్నాడు. ఆ పొలాన్ని బీడు పెట్టింది తిరువళ్లూరులో మా ఇంటి హాల్లో ఉన్న ఇనుప బీరువా, దాని పక్కనుంచి పోయే బొమ్మ రైలు, ఆ రైలు తోలిన నేను. బీరువాకూ రైలుకూ సిగ్గు లేదు కాబట్టి ముగ్గురి వంతూ నేనే పడుతున్నాను. మీరు హాయిగా నవ్వుకోండి.

బొమ్మ రైలంటే తిరునాళ్లలో అమ్మే తాళంచెవి రైలు అనుకునేరు. ఇది కరెంటుతో నడిచేది. వేలెడు వెడల్పు పట్టాలు, సిగ్నళ్లు, ఒళ్లు రుద్దుకునే స్పాంజి తుంచి చేసిన చెట్లు, థర్మకోల్ కొండలు, రంపపు పొట్టుకు పచ్చరంగు కలిపి చల్లిన గడ్డి. ఒక కంపెనీలో స్టోర్సు చూసుకునే మనిషి, తలలో నాలుగు తెల్లవెంట్రుకలు ఉన్నవాడు, ఆదివారం పూట బల్లకు చెంప ఆనించి, రైలు దగ్గరికి వస్తుంటే నోటితో కూత వేసేవాడు, ఆ మనిషి నేనే. "మా ఆయనకు తాగుడు అలవాటు లేదు" అని వీధిలో గొప్పగా చెప్పుకునే కస్తూరి, ఆ కూతలు మొదలయ్యాక ఆ మాట మానేసింది.

కస్తూరి నా భార్య, నా మేనమామ కూతురు. అంటే పైన చెప్పిన మునిరత్నం మామ నాకు మేనమామా ఆయనే, పిల్లనిచ్చిన మామా ఆయనే. తప్పు చేస్తే రెండు వైపులనుంచీ తగులుతుందన్నమాట.

తిరువళ్లూరుకు రైలుంది, తిరుత్తణికి రైలుంది. నడుమ సత్రం మీదుగా పోయే రోడ్డు పొడుగునా మాత్రం బస్సే గతి. మామ ఎప్పుడు మా ఇంటికి వచ్చినా బస్సులో నిలబడి వచ్చిన కాళ్లు పిసుక్కుంటూ "మన సత్రానికి ఒక రైలు లేకపోయె" అని నిట్టూర్చేవాడు. రైల్వేవాళ్లకు తట్టని ఆ పల్లెటూరి బ్రాంచి లైనును నేను మా హాల్లో మంజూరు చేసేశాను. మొదట ఒక బల్ల, దానికి అతికిస్తూ ఇంకో బల్ల. లైను పొడుగయ్యేకొద్దీ టీవీ గోడెక్కింది, సోఫా వరండాలోకి పోయింది, మా భోజనాలు వంటింటి గడప మీదికి పోయాయి. అంతా సవ్యంగా జరుగుతుండగా సత్రం స్టేషను దాటగానే నా రైల్వేకు బీరువా అడ్డం వచ్చింది.

రవంత జరుపుదామా అని మెల్లగా అడిగాను. కస్తూరి చేతిలో గరిటె ఉంది.

"బావా, నీ రైలు తిరుత్తణికి పోతాదో తిరుపతికి పోతాదో నీ ఇష్టం. మా అమ్మ కొనిచ్చిన బీరువా. నైరుతి మూల ఇడిచి జానెడు కదలదు."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇంట్లో బీరువాను గెలవలేక రచ్చకు పోయాను. బీరువా కదలకపోతే లైనే కదలాలి కదా. సత్రం దగ్గర పట్టాలను కొడవలిలా వంచి బీరువాను తప్పించాను. ఆ వంపులో మామ పొలాన్ని ఉన్నదున్నట్టు కట్టి, ఒక మంచిరోజు ఆయన్ని పిలిచి, ఆయన బావి పక్కనుంచి రైలు పోనిచ్చి చూపించాలని నా ఆశ. అప్పటిదాకా ఎవరికీ తెలియకూడదని ఆ బల్లమీద పాత పంచె కప్పాను. దుమ్ము పడితే రంగు చెడుతుందని కస్తూరికి చెప్పాను.

ఉన్నదున్నట్టు కట్టాలంటే కొలతలు కావాలి. కొలతలు తీయడానికి నేను ఎంచుకున్న రోజు ఆడి కృత్తిక. ఆ రోజు సత్రంలో కాకి కూడా ఉండదు, ఊరంతా కావళ్లెత్తుకుని తిరుత్తణి కొండకు పోతుంది. మామ పూలకావడి ఎత్తాడు, కస్తూరి తండ్రితో వెళ్లింది. నాకు కంపెనీలో పని పడిందని చెప్పి, ఎవరూ లేని సత్రంలో బస్సు దిగాను. సంచిలో టేపు, సరుగుడు కొయ్యతో చెక్కిన గూటాలు. ఫోటోలో దూరంనుంచి కనబడాలని వాటికి సున్నం కొట్టి, తలలకు ఎర్రరంగు పూసుకుని వచ్చాను. మా హాల్లో బీరువా దగ్గర లైను ఎట్లా వంగుతుందో, ఆ వంపునే పొలం నిండా పెద్దది చేసి గూటాలు దిగ్గొట్టాను. ఒకటి బావిగట్టు మీదికే వచ్చింది. అందమైన వంపు. గట్టెక్కి ఫోటోలు తీసుకుంటుండగా వాన దంచడం మొదలుపెట్టింది, బస్సు హారన్ వినబడింది. సుబ్రహ్మణ్యస్వామికి మొక్కకుండా ఎగ్గొట్టినవాణ్ణి ఆయన ఊరికే వదలడు. టేపు తీసుకున్నాను, గొడుగు తీసుకున్నాను, గూటాలు మాత్రం అక్కడే వదిలి పరుగెత్తాను.

మర్నాడే మామ ఫోను చేశాడు.

"అల్లుడా, మన సేన్లో సర్వే గూటాలు కొట్టి పోయినారు. బావిగట్టు మీద కూడా ఒకటి ఉండాది. రైలు లైనంట."

"రైలని ఎవరు చెప్పింది మామా?"

"చెప్పేదేమి, చూస్తే తెలస్తా ఉంది. రోడ్డయితే నేరుగా పోతాది. ఇది కాలీ సేన్లో అడ్డమేమీ లేకుండానే వంగుకోని పోతా ఉండాది. నీకు రైలు సంగతులన్నీ తెలుసు గదా, రవంత విచారించి చెప్పు నాయనా."

అవి నావే మామా అని ఒక్క ముక్క అంటే అయిపోయేది. అనలేదు. అంటే కంపెనీలో పని అబద్ధమని తేలుతుంది, దేవుణ్ణి ఎగ్గొట్టింది తేలుతుంది, ఎదురుగా కస్తూరి చెవి రిక్కించి నిలబడి ఉంది. తేలు కుట్టిన దొంగలా "విచారిస్తాను మామా" అన్నాను. మొదటి సిగ్గు అక్కడ పడాల్సింది, ఆ పూటకు వాయిదా వేశాను.

నేను వాయిదా వేస్తే ఆడి నెల ఆగుతుందా? మామ ఇంట్లో విత్తనం వేరుశనగ అప్పటికే ఒలిచి పెట్టి ఉంది. ఒలిచిన విత్తనం నిలవదు, రవంత చెమ్మకే చెడుతుంది. విత్తుదామంటే రేపు బుల్డోజరు వచ్చి తొక్కుతుందేమోనని భయం, ఆపుదామంటే పదును ఆరిపోతుందని భయం. గూటాలు పీకి పారేయమంటే మామ వినలేదు. సర్కారు గూటం పీకితే కేసవుతుందట. ఆయన రోజూ పొద్దున నాగలి బయటికి తీసి, గూటాల దాకా పోయి, మళ్లీ ఇంటికి తెచ్చి పెడుతున్నాడని కస్తూరి చెప్పింది. చెప్తూ కళ్లు తుడుచుకుంది. నేను రైలు కప్పిన పంచె సర్దుకున్నాను.

ఇక లాభం లేదని ధైర్యం చేశాను. నిజం చెప్పే ధైర్యం కాదు, ఇంకో అబద్ధం చెప్పే ధైర్యం. మామకు ఫోను చేసి, పెద్దవాళ్లతో మాట్లాడానని, లైను రోడ్డుకు అవతలి పక్కకు మార్చేశారని, గూటాలు పీకేసి ధైర్యంగా విత్తుకోమని చెప్పాను. మామ గొంతు ఎంత పొంగిపోయిందంటే, నాకే ఒక్క క్షణం నేను నిజంగా రైలును మార్పించినట్టు అనిపించింది. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టు, ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

ఇక్కడ నేను మరిచిన సంగతి ఒకటుంది. రోడ్డుకు అవతలి పక్క పొలం గోవిందన్న అనే ఆయనది. మామకు వరసకు అన్న, ఆయనకూ ఒక బావి ఉంది. మామ సంతోషం పట్టలేక ఊరంతా చెప్పాడు. గోవిందన్న విన్నాడు. మునిరత్నం సేన్లో గూటాలు ఉన్నంతసేపే రైలు అటు పోతుంది, పీకితే ఇటు వస్తుంది, ఇంతే ఆయనకు అర్థమయింది. మామ గడ్డపార తీసుకుని పొలానికి చేరేసరికి ప్రతి గూటానికీ పసుపు పూసి, కుంకుమ పెట్టి, వేపమండలు కట్టి ఉన్నాయి. అమ్మవారి నెలైన ఆడిలో, వేపాకు కట్టిన కొయ్యను ఆ చుట్టుపక్కల ఎవడు తాకుతాడు? మామ గడ్డపార పక్కన పెట్టి చెప్పులు విడిచి దండం పెట్టుకుని వచ్చేశాడు. ఆ శుక్రవారం ఆడవాళ్లు బిందెలతో వచ్చి బావిగట్టు గూటానికి అంబలి పోశారు. గోవిందన్న గొంతెత్తి "తాయే, తల్లీ, మమ్ముల కాపాడు" అన్నాడట. అమ్మ ఆయన్ని ఎట్లాగూ కాపాడింది, అటువైపు ఏ రైలూ పోలేదు కదా.

తర్వాత మామ ఫోను చేయడం మానేశాడు. ఆయన మాట్లాడకపోవడం నాకు మొదట సుఖంగానే ఉండింది, అది తలచుకుంటేనే ఎక్కువ సిగ్గు.

ఆడి చివరి ఆదివారం మామే వచ్చాడు. బస్సులో నిలబడి, మూతా పిడీ ఉన్న ఒక పెద్ద తూకుచట్టి పట్టుకుని. సోఫా వరండాలో ఉంది కాబట్టి అక్కడే కూర్చుని చట్టి మూత తీశాడు. వేయించిన శనక్కాయ విత్తులు, ఉప్పు కారం చల్లినవి, ఇంకా వెచ్చగా ఉన్నాయి.

"ఆడి పట్టం తేడి విదై అంటారు, ఆడి అదును చూసి ఇత్తమని. పట్టం పాయ. ఒలిచిన ఇత్తనం నిలస్తాదా అల్లుడా. మీ అత్తతో చెప్పి వేయించినా. తినండి."

ఒక గుప్పెడు నోట్లో వేసుకున్నాను. నమిలాను. జీవితంలో చాలా తిట్లు తిన్నాను, వాటిల్లో ఒక్కటీ ఆ శనక్కాయల్లాగ గొంతుకు అడ్డం పడలేదు. మామ నాకు తినబెట్టింది ఒక పంట. ఆయనకు ఆ సంగతి తెలియదు, నాకు తెలుసు.

కస్తూరి లోపలికి పిలిచింది. చట్టి పెట్టడానికి తావు చూసింది. మా ఇంట్లో తావెక్కడిది? నేను వద్దు వద్దు అని లేచేలోగా బీరువా పక్క బల్లమీది పంచె లాగేసింది.

మామ బల్ల దగ్గరికి వచ్చాడు. చీపురుపుల్లలకు పచ్చకాగితం అంటించిన కొబ్బరిచెట్లు. అగ్గిపెట్టెతో కట్టిన మోటారు షెడ్డు, దాని తలుపు మీద ఆయన తలుపుకున్నట్టే నీలం రంగు. నీళ్ల సీసా మూతతో చేసిన బావి. ఆ పొలానికి అడ్డంగా, వంపు తిరిగి, పట్టాల పక్కనే వరసగా గుచ్చిన అగ్గిపుల్లలు. తెల్ల పుల్లలు, ఎర్ర తలలు. ఆయన వంగి బావిగట్టు మీది పుల్లను వేలితో తాకాడు.

"ఇది మన సేను గదా."

"అవును మామా."

"గూటాలు?"

నేను తల దించుకున్నాను. కృత్తిక రోజు నాకు పడ్డ పని ఏమిటో కస్తూరికి కూడా అప్పుడే అర్థమైనట్టుంది, చట్టి టక్కున కింద పెట్టింది.

మామ అరవలేదు. అరిస్తే బాగుండేది. ఒకటే అడిగాడు. "ఆడికీ ఈడికీ కాలీగా ఉండాది గదరా. నేరుగా పోకుండా నా బావి మిందికి ఎందుకు వంచినావు?"

నేను బీరువా వైపు చూశాను. ఆయనా చూశాడు. కస్తూరీ చూసింది.

"అంటే," అన్నాడు మామ మెల్లగా, "నువ్వు బీరువా జరపలేక నా బావి పూడుస్తా ఉండావా?"

కస్తూరి మొదట నవ్వింది, ఆ నవ్వులోనే ఏడ్చింది, తర్వాత నా వైపు తిరిగి అన్న మాటలు ఇక్కడ రాసేవి కావు. మామ శనక్కాయలు నమలుతూ, రైలు ఒకసారి తోలి చూపించమన్నాడు. నేను తోలాను. కూత వేయలేదు. రైలు ఆయన బావి పక్కనుంచి పోతుంటే "బాగానే ఉండాది, నాశనం" అన్నాడు.

మర్నాడు నన్ను సత్రానికి తీసుకుపోయారు. గూటాలు కొట్టినవాడే పీకాలన్నారు. అమ్మగా మొక్కినవాటిని ఊరికే పీకకూడదు కాబట్టి, ఊరంతా చూస్తుండగా ప్రతి గూటానికీ కొబ్బరికాయ కొట్టి, అంబలి పోసి, తల్లీ తప్పయింది అని చెంపలు వేసుకుంటూ పీకాను. గోవిందన్న పక్కనే నిలబడి, కండిప్పా, తప్పనిసరిగా చెంప మోగాల అని సలహా ఇస్తూ వచ్చాడు. వేయించకుండా మిగిలిన విత్తనం విత్తితే మొలక రాలేదు. మామ ఆలస్యంగా ఉలవలు చల్లాడు, అవి పండాయి. ఆ ఏడాదంతా మా ఇంట్లో ఉలవచారే. నేను వద్దనలేదు.

అయితే బావిగట్టు గూటానికి ఆడవాళ్లు వారాలుగా అంబలి పోశారు. దాన్ని పారేయకూడదు, ఇంకో తావులో నిలపాలన్నారు. ఏ తావు అని ఎవరూ అడగలేదు. మామ దాన్ని ఒళ్లో పెట్టుకుని తిరువళ్లూరు బస్సెక్కాడు, మా ఇంటి గేటు పక్కనే తన చేత్తో దిగ్గొట్టాడు. పక్కింటాయన వచ్చి, రోడ్డు వెడల్పు చేస్తున్నారా అని కంగారుగా అడిగాడు. బుద్ధి వచ్చినవాణ్ణి కాబట్టి, బొమ్మ రైలు గూటమని నిజం చెప్పాను. ఆయన నమ్మలేదు, కడుతున్న ప్రహరీగోడ ఆపేశాడు. కస్తూరి దానికి పసుపు పూసింది. మరుసటి ఆడికి వీధి ఆడవాళ్లంతా బిందెలతో వచ్చారు. ఇప్పుడు ప్రతి ఆడిలో మా గేటు ముందు అంబలి కాచి పోసేది నేనే.

అందువల్ల ఆ గూటం సాక్షిగా, చేతిలో గరిటెతో, ఒళ్లు దగ్గర పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో టేపు పట్టుకుని ఇంటి గడప దాటను. ఒకరి చేనులో అగ్గిపుల్ల కూడా గుచ్చను. లైను పొడిగించాల్సి వస్తే బీరువానే జరుపుతాను, అదీ కస్తూరి ఊళ్లో లేనప్పుడు.